కట్టుడుపళ్ళాయన మింగిన సంగటి

ఓబుళమ్మ నోరు మంచిది కాదంట. ఈ మాట నేననేది కాదు, ఆయమ్మ మొగుడే అనేవాడు, పాపం పోయేదాకా. నోరు ఎట్లాంటిదన్నా కానీ, చెయ్యి మాత్రం ఏం చెయ్యి! ఆయమ్మ రాగిసంగటి గెలికిందంటే ఒక్క ఉండ కట్టదు. ముద్ద చేసి ఆకులో పెడితే నున్నగా, అప్పుడే పుట్టిన బిడ్డ తల మాదిరి ఉంటాదంట. కడపకు పోయే పాతరోడ్డు పక్కన రేకుల హోటలు పెట్టుకోనుండె. లారీలోళ్ళు వచ్చేది, రెండు ముద్దలు, గిన్నెడు నాటుకోడి పులుసు, ఆయమ్మతో నాలుగు తిట్లు, అన్నీ కడుపునిండా తినేది, పోయేది. ఏమైందంటే, ఊరికి అవతలపక్క కొత్తరోడ్డు పడింది. లారీలన్నీ అట్నుంచి అటే. పొద్దున గెలికిన సంగటి మాపటికి బర్రెలకు పోసే కాలమొచ్చిందనుకో. ఇంకో రెండు నెల్లు ఇట్లే ఉంటే రేకులు ఊడబెరుక్కోని తమ్మునింటికి పోయి, మరదలు పెట్టింది తిని మూలన పడుండాల. ఆ మరదలి సంగతి మీకు తెలీదు. సంగటిలో చక్కెర వేసుకుని తినే రకం.

అట్లాంటప్పుడు వచ్చినాడంట ప్రణీత్ అని ఒకాయన. మెడలో తాడు, తాడుకు కార్డు, చేతిలో కాగితాల కట్ట. టూరు గైడంట. ఏం టూరంటే, హైదరాబాదులో ఒక కంపెనీ ఇరవైమందిని పోగేసి, రైల్లోనూ బస్సుల్లోనూ దేశమంతా తిప్పి, యాడికి పోతే ఆడి వంట చూపిచ్చి, వాళ్ళ చేత గరిటె తిప్పిచ్చి, తినిపిస్తాదంట. నవ్వొద్దండి, నిజం. ఇంట్లో పొయ్యి ముట్టియ్యనోళ్ళు దుడ్లిచ్చి మరీ ఊరోళ్ళ పొయ్యికాడ పొగ మింగేదానికి పోతాండారు. ఆ ప్రణీత్ ఏమన్నాడంటే, “అమ్మా, పంజాబు, గుజరాతు, కేరళ అయిపోయాయి. ఆఖరిది మీ రాయలసీమ. మా ఓనరు మేడం వాళ్ళ నాన్నగారు ఈ బస్సులోనే వస్తున్నారు. ఆయన బాగుందంటే నెలకి రెండు బస్సులు మీ దగ్గర ఆగుతాయి. బాలేదంటే ఇంక ఇటు రాము.” ఓబుళమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఊరికే కాదు, వాడు కోరికలు పెట్టినాడంట. ప్లాస్టిక్ కుర్చీలు తీసెయ్యాల, చాపలెయ్యాల, సత్తుగిన్నె కనపడకూడదు, మట్టికుండలో గెలకాల. ఈయమ్మ, “నేను గెలికే గెలుకుడికి కుండ పగిలి వాళ్ళ కాళ్ళ మీద పడతాది నాయనా, కాళ్ళు కాల్చుకునేదానికి గూడా దుడ్లు కట్టినారా వాళ్ళు?” అనింది. సరే, గిన్నెకు పాత గోనెపట్ట చుట్టేదానికి ఒప్పుకున్నాడు. ఆఖర్న నసిగి నసిగి, “ఇంకోటమ్మా, ఊళ్ళో విచారించాను. మీరు ఏమీ మాట్లాడకుండా ఉంటే బాగుంటుంది. వివరించేదంతా నేనే వివరిస్తాను” అన్నాడంట. ఓబుళమ్మ నోరు తెరిచింది. మరదలి మొగం గుర్తొచ్చింది. మూసుకునింది. ఆయమ్మ ఆ నోరు అట్ల మూసుకునేది ఆ ఊళ్ళో ఎవురూ చూసిండరు.

బస్సొచ్చింది. దిగినారు. టోపీలు, నల్లద్దాలు, నీళ్ళ బాటిళ్ళు. ఓబుళమ్మ కొంగు దోపుకోని గిన్నె కాళ్ళ మధ్య అదిమిపట్టి గెలకతాంటే, ప్రణీత్ పక్కన నిలబడుకోని కాగితం చదివినాడు. ఇది మూడువేల ఏండ్ల నాటి వంటకమంట, రాణులు మౌనంగా ఉండి వండేవాళ్ళంట, అందుకే ఈ అమ్మ కూడా మౌనంగా ఉందంట. కాగితంలో ఉండాదని అంతా నమ్మినారు. నేనూ చదువుతాలెండి. బడికి రెండేండ్లే పొయినా గానీ, అంగట్లో బెల్లం చుట్టిచ్చిన కాగితం కూడా ఇప్పి చదవందే బెల్లం నోట్లో వేసుకోను. అందుకే చెప్తాండా, అచ్చులో వచ్చేదాంట్లో సగం బెల్లం చుట్టేదానికే పనికొస్తాది. ఒకామె, “నేను తిప్పుతానండీ” అని కట్టె అందుకోని మూడు తిప్పులు తిప్పి భుజం పట్టుకోని కూలబడింది. ఓబుళమ్మ పండ్లు కొరుక్కునింది గానీ మాట్లాడలే.

ఆకులేసినారు. ముద్దలు పెట్టినారు. అప్పుడు ఆ ప్రణీత్ కాగితం తిప్పి ఏం చదివినాడో తెలుసా? “ఇది ఆరోగ్య ఆహారం. రెండు చేతులతో పట్టుకుని కొరికి, ప్రతి ముద్దా ముప్పై రెండుసార్లు నమలండి.” చూడు, చూడు, ఈడ కూసున్న మన నాగేంద్రమ్మ అప్పుడే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటాంది. సంగటి నమిలేదా! మన పక్క పాలు మరిచిన బిడ్డను అడిగినా చెప్తాది, సంగటి మింగేదని. ఇరవైమందీ కొరికినారు. ఇరవైమందీ నమిలినారు. అంగిటికి అతుక్కునె, పండ్లకు అతుక్కునె, వేలుపెట్టి పీక్కునేవాళ్ళు పీక్కుంటాండారు. ఆ ఓనరమ్మ నాయన ఉండాడే, వరహాలరావు గారంట, ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, పెద్దమనిషి. లడ్డును పట్టుకున్నట్ల ముద్దను పట్టుకోని గట్టిగా కొరికినాడు. ముద్దను ఇవతలికి లాగితే మొగం లోపలికి పొయింది. అర్థమైందా? కట్టుడు పళ్ళు! పైవరసా కిందివరసా రెండూ ముద్దలోనే నిలిచిపొయినాయి. ఆకులో పడిన ముద్ద పండ్లికిలిచ్చి ఇరవైమందినీ చూసి నవ్వుతాంది. ఒక పాప ఫోను తీసి టక్కుమని ఫోటో కొట్టె. ఆ పెద్దాయన మొగానికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకోని లేచి బస్సుకాడికి పోతా, “బశ్శు తియ్యి” అన్నాడు. ప్రణీత్ ఈపక్క తిరిగి, “మీ సంగటి వల్లే! అంతా పాడైపోయింది” అన్నాడు.

ఇంకేముంది, ఎట్లాగూ పాడైపోయిందన్నాడు కదా, ఓబుళమ్మకు నోరొచ్చేసింది. “ఓ పెద్దాయనా! యాడికి? ఆకలితో ఆకు ముందర్నుంచి లేచిపొయినోడు నా హోటల్లో ఇంతవరకూ లేడు. ఆ రికార్డు నువ్వొచ్చి చెడగొట్టొద్దు, వచ్చి కూసో!” ఆయనకు చిన్నప్పుడు వాళ్ళమ్మ తర్వాత అట్ల ఎవురూ గదమాయించిండరేమో, గమ్మున వచ్చి కూసున్నాడు. “ఏం పాపా, ఫోటో తీసినావా? మీ అవ్వ పళ్ళది గూడా ఒకటి తీసి మీ పెండ్లిపత్రికలో వేసుకో, పో!” ఆ పాప ఫోను లోపల పెట్టేసింది. “ఇంక నువ్వు, తాడు మెడకేసుకున్నోడా! నా సంగటి వల్లనా? ఆ కాగితం రాసినోడు పుట్టినకాడ్నుంచి ఒక్కనాడన్నా సంగటి తిన్యాడా? ఇది నమిలేది కాదురా, మింగేది! నీ నోరు ఊరికే ఉండుంటే ఆయన పళ్ళు ఆయన నోట్లోనే ఉండేవి!”

తిడతానే ముద్దలోంచి పళ్ళు బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, గాజుగ్లాసులో వేసి ఆకుముక్క మూత పెట్టింది. కొత్త ముద్ద పెట్టి ఆయనకు ఎదురుగా చతికిలబడింది. “వాటిని అట్లే ఉండనీ. మా అత్తకు నోట్లో ఒక్క పన్ను లేదు, పూటకు మూడు ముద్దలు దించేది. ఇంత తుంచు. గోలీ అంత చేసుకో. పులుసులో ముంచు. నాలిక మీద పెట్టుకోని గొంతులోకి జార్చు.” ఆయన జార్చినాడు. కళ్ళు పెద్దవైనాయి. ఇంకోటి జార్చినాడు. ఇంకోటి. కోడిపులుసు ఘాటుకు ముక్కు కారతాంటే తుడుచుకోని మెల్లగా చెప్పినాడంట. “అమ్మా, పంజాబులో మొక్కజొన్న రొట్టె. గుజరాతులో అప్పడంలాంటి రొట్టె. కేరళలో అరటికాయ చిప్శు. పదకొండు రోజుల నుంచీ అందరూ తింటుంటే చూశ్తూ మజ్జిగ తాగి బతుకుతున్నాను. ఈ పళ్ళు వదులయ్యాయని చెప్పడానికి నాకు శిగ్గు.” ఓబుళమ్మ, “పళ్ళు వదులైతే సిగ్గేంది, పస్తుండేదానికి సిగ్గుపడు” అని ఇంకో ముద్ద వేసింది. మిగతా పంతొమ్మిదిమందీ చూసి చూసి, వాళ్ళూ తుంచి మింగడం మొదలుపెట్టినారు. ఒకాయన ఆత్రంగా కోడిగుడ్డంత మింగి గుడ్లు తేలేస్తే వీపు మీద రెండు గుద్దులు గూడా గుద్దింది.

అంతలో కూతురు ఫోను చేసిందంట, ఆ ఓనరు మేడం. “నాన్నా, ఆ ఊరు ఎలా ఉంది? ఉంచమంటావా, తీసెయ్యమంటావా? అదేంటి, మాట అలా వస్తోంది, పళ్ళేవి?” ఈయనేమన్నాడంటే, “పళ్ళు గ్లాశులో ఉన్నాయి. నేను భోజనంలో ఉన్నాను. బశ్శు ఇక్కడ ఆపకపోతే నేను ఇంటికి రాను. తర్వాత చెయ్యి” అని పెట్టేసినాడంట.

ఇప్పుడు నెలకు రెండు బస్సులు. రేకులు రేకుల్లాగే ఉండాయి, మరదలు మరదలి ఇంట్లోనే ఉండాది. కానీ ఒక చిక్కొచ్చిపడింది ఓబుళమ్మకు. పొయినోళ్ళు వచ్చేవాళ్ళతో చెప్పినారంట, ఆడ సంగటి ఒకెత్తు, ఆయమ్మ తిట్లు ఒకెత్తు అని. మొన్న ఒకరోజు ఆయమ్మ ఎందుకో సంతోషంగా ఉండి అందరితో నెమ్మదిగా మాట్లాడితే, భార్యాభర్తలిద్దరు మొగం మాడ్చుకోని, మాకు తిట్లు రాలేదండీ అని గైడుకు చెప్పుకున్నారంట. అప్పట్నుంచి జరమొచ్చినా సరే లేచి మనిషికి ఒకటన్నా తిట్టాల్సొస్తాంది పాపం. హైదరాబాదోళ్ళు ఇంత దూరమొచ్చి తిట్టించుకోని పోతాండారు. నేను ముప్పై ఏండ్లుగా ఈ ఊరందర్నీ ఉత్తపుణ్యానికి తిడతాండా, ఒక్కరన్నా ఒక బస్సు తెచ్చినారా? లేయండి, లేయండి, కొంపలకు పోండి!