వంగపూత రంగు చీర

కాఫీ వద్దన్నయ్యగారూ. తాగడానికి రాలేదు. ఆ స్టూలిటు జరపండి, మంగళగిరి నుంచి బస్సులో నిలబడే వచ్చాను.

ఇదిగో, ఈ చీర చూడండి. పట్టుకుని చూడండి, కరవదు. మరమగ్గం సరుకు. వన్‌టౌన్‌లో తిరుపతిరావు కొట్లో గుట్టలు పోసి అమ్ముతున్నారు. కొంగు మీద ఆ చిలకల బారు ఎవరిదండీ? మీ స్నేహితుడు, మా ఆయన అంకమ్మరావు, గళ్ళ కాయితం ముందేసుకుని గీసింది కాదూ?

చీర చూసి ఎవడో కాపీ కొట్టుంటాడంటారా? ఏ చీర చూసి? ఆయన నేసింది ఒక్కటే. దాన్ని ఎగ్జిబిషన్లో ఎవరో కొనుక్కుపోయారు. మిగిలింది మీరు అప్పట్లో తీసిపెట్టిన బుల్లి ఫొటో స్లైడు. ఆయన పోయాక నేను మగ్గమెక్కుదామంటే, ఆ చీర మామిడిచిగురు రంగు ఏ పాళ్ళలో కలిపారో ఎవరికీ చెప్పలేదాయె. స్లైడుని ఫోన్లోకెక్కిస్తే ఒక్కో ఫోన్లో ఒక్కో రంగు.

మీరేగా అన్నారు, స్లైడు నుంచి తిన్నగా కాయితం మీదికి దించుతాను, మధ్యలో నెగటివుండదు, ఉన్న రంగు ఉన్నట్టే దిగుద్దని. ఆ ఫొటో కాయితం కంపెనీవాళ్ళు చెయ్యడమే మానేశారట, మీరు ఫ్రిజ్జులో దాచుకున్న ఆఖరి కాయితాలు నా కోసం తీశారు. దేవుడనుకున్నానండీ మిమ్మల్ని.

మొదటిది పాడైంది. తడి మీద అలాగే ఎర్రగా ఉంటుంది, ఆరనివ్వమన్నారు. ఆరాక చూస్తే చీర వంగపూత రంగుకి తిరిగింది. నెగటివులకి అలవాటైన చెయ్యి కదమ్మా, ఫిల్టరు అటు తిప్పాల్సింది ఇటు తిప్పానని మీరు నవ్వారు. నేనూ నవ్వాను. చించి పారేస్తానన్నారు. రెండోది సరిగ్గా దిగింది. అది చూసి ఈ గోడకానుకుని ఏడ్చాను. అచ్చం ఆయన కలిపిన రంగే.

ఇప్పుడు చెప్పండి, ఈ మరమగ్గం చీరదేం రంగు? వంగపూత. చిలకల కొంగుకి ఈ రంగు మా ఇంట్లో ఏనాడూ ఎక్కలేదండీ. ఇది పుట్టింది మీరు ఫొటోలు కడిగే చీకటి గదిలో. మీరు చించేస్తానన్న కాయితం మీద.

తల దించుకుంటారేం?

ఏమిటీ, తిరుపతిరావుకి పాడైందేగా ఇచ్చాననా? మంచిది నాకే ఇచ్చాననా? భలే న్యాయం చెప్పారు. రంగు పాడైతే చిలకలు కూడా పాడైపోయాయా? కొట్టు కేటలాగు ఫొటోల పనంతా మీకే ఇస్తానన్నాడా? నన్నడిగితే నేనే నాలుగు కొట్లు తిరిగి మీకు పని చూసిపెట్టేదాన్ని కదండీ. మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశారు మీరు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే వినడమే గాని, లెక్కపెట్టినాయన ముందు కూర్చోవడం ఇదే మొదలు.

కడుపు మండిపోతోందన్నయ్యా. పరాయివాడు చేస్తే శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని.

ఇంకోటి వినండి. మీరిచ్చిన మంచి ప్రింటు పెట్టి నూలుకి రంగేయించాను. రాత్రింబవళ్ళు కూర్చుని ఒక చీర నేశాను. కంకిపాడులో మనకి తెలిసిన కొట్టుకి పట్టుకెళితే, ఆయన తిరగేసి మరగేసి చూసి ఏమన్నాడో తెలుసా?

"అసలు చిలకల చీర వంగపూతలో వస్తుందమ్మా. ఇదెవరో చూసి నేసినట్టుంది."

నా మొగుడి చీర నా చేతుల్లో పెట్టుకుని, దొంగసరుకు తెచ్చినదానల్లే గుమ్మం దిగి వచ్చాను.

ఇదిగోండి, మీ మంచి ప్రింటు. ఉంచుకోండి. వద్దనకండి, నాకిక పనికిరాదు. మగ్గం ఆపి కూర్చుంటే ఇల్లెవరు నడుపుతారు? పొద్దున బయల్దేరేటప్పుడే రంగులేసే రత్తయ్యకి చెప్పొచ్చాను, ఈసారి నూలంతా వంగపూతలో ముంచమని.

"అదేంటమ్మా, అంకమ్మరావుగారి రంగు కాదా?" అన్నాడు.

"ఆయనది నకిలీ అంట రత్తయ్యా" అన్నాను.