మా మామయ్య పగలగొట్టిన సీలు

ఫోను పట్టుకుని అంతలా ఊగిపోతున్నావ్, ఎవర్నిరా తిడుతున్నావు? గవర్నమెంటునా? తిట్టు, తిట్టు, ఎవరొద్దన్నారు. కానీ బొటనవేలితో తిడితే ఏం తిట్టినట్టురా? తిట్టడమంటే మా మామయ్యది. అదే, మా అమ్మ తమ్ముడు, సెలూన్ మామయ్య. నువ్వు పుట్టకముందే పోయాడులే. వీధంతా ఆయన్ని ‘ఎవడడిగాడు’ అనే పిలిచేది. ఎందుకంటే, పొద్దున్నే షాపులో ఎవరో ఒకరు పేపరు పైకి చదివేవాళ్ళు. కొత్త పన్నంటే, “ఎవడడిగాడయ్యా వీళ్ళని?” కొత్త చట్టమంటే, “ఎవడడిగాడు?” పక్క దేశం మీదకి సైన్యాన్ని పంపారంటే కత్తి గాల్లోకి లేపి, “అసలు ఎవడడిగాడంట?” ఆ కత్తి కింద నురగ పూసుకుని మెడ చాచి కూర్చున్నదెవరనుకున్నావ్? నేనే. మున్సిపల్ ఆఫీసు ప్యూనుని! ఆ మెడతో కాదనగలనా? “నిజమే మామయ్యా, ఈ గవర్నమెంటనేది ఉండకూడదు” అనేవాణ్ణి. అని, మొహం తుడుచుకుని, అదే గవర్నమెంటు ఇచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి పరిగెత్తేవాణ్ణి. సిగ్గా? అది మన ఇంటావంటా లేదు.

సరే, ఏం చెబుతున్నాను... ఆ, సెలూన్లకి పర్మిషన్ ఉండాలని రూలు పెట్టారు. మామయ్య తీసుకోనన్నాడు. “రోజూ జనం పీకల మీద కత్తి పెడుతున్నాను. నన్ను నమ్మి కునుకు తీస్తున్నారు. ఇంతకంటే పర్మిషనేంట్రా?” అన్నాడు. మా ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? తాళం వేసి, దానికి గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి పోయారు. నేనా? నాకా రోజు జ్వరం. వస్తుందని ముందురోజే తెలుసు. తర్వాత ఎంత బతిమాలానో, “ఒక్క అర్జీ పెట్టు మామయ్యా, నేను దగ్గరుండి చూసుకుంటా”నని. “అడిగితే నా షాపు వాళ్ళదని ఒప్పుకున్నట్టేగా” అని, ఆ మూసిన తలుపు ముందే స్టూలేసుకుని గడ్డాలు గీశాడు. ఎండకీ వానకీ గొడుగు కింద, ఏళ్ళ తరబడి. లోపలేమో ఆయన కుర్చీ, ఆయన నిలువుటద్దం బూజు పట్టిపోతున్నాయి. అంత మాట్లాడేవాడు ఆ లక్క ముద్ద మీద మాత్రం చెయ్యి వెయ్యలేదురోయ్! “మీ మామా అల్లుళ్ళ పౌరుషం నోటికే” అనేది అత్తయ్య. మధ్యలో నన్నెందుకు కలుపుతుందో!

చివరికి మామయ్యకి ఒంట్లో బాగోకుండా పోయింది. చెయ్యి వణుకుతోంది, బేరాలు తగ్గాయి. ఒకరోజు పొద్దున్నే రాయి తీసుకుని తాళంతో సహా ఆ సీలు బద్దలుకొట్టేశాడు. “ఇంక ఎన్నాళ్ళుంటానో, నా కుర్చీలో నేను కూర్చుంటా. రమ్మను వాళ్ళని, అడుగుతా!” అని ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. నేను ఆఫీసులో హెడ్ క్లర్కుని మెల్లగా కదిపాను. “ఆ రూలు ఎత్తేసి ఏళ్ళయిందయ్యా! ఆఫీసులో నీకొక్కడికే తెలీదా?” అని పడీపడీ నవ్వాడు. అంటే ఎవరూ ఆపకపోయినా మామయ్య అన్నేళ్ళు ఎండలో నిలబడ్డాడన్నమాట. ఆ మాట ఆయనతో ఎలా అనను చెప్పు? ప్రాణం ఉసూరుమంది. అక్కడేమో ఆయన మొహం వాడిపోతోంది. “ఏరా, ఎవరూ రారేం? నన్ను మనిషి కిందే లెక్కెయ్యలేదా వాళ్ళు?” అంటాడు.

ఇంక నేనే వెళ్ళాను. ఖాకీ చొక్కా, టోపీ, చంకలో ఎవరిదో లాఠీ. వీధి మధ్య నిలబడి, “ఎవరండీ... ఈ సీలు పగలగొట్టింది?” అన్నాను. వీధి వీధంతా నవ్వు బిగబట్టుకుని చూస్తోంది. మామయ్య లేచి, మెల్లగా నా దగ్గరకొచ్చి చెవిలో, “గవర్నమెంటు ‘అండీ’ అంటుందిట్రా, సన్నాసీ? గట్టిగా అరువు, వెనకవాళ్ళకి వినపడలేదు” అన్నాడు. అరిచాను. గొంతు పోయేలా అరిచాను. “నేనేరా! ఏం చేసుకుంటావో చేసుకో!” అన్నాడు. అబ్బ, ఆ గొంతు...

ఆ కిటికీ వెయ్యరా, దుమ్మొస్తోంది.