అప్పలసూరి మాస్టారి ఆరో స్టారు

సాయంత్రం అయిదింటిలోపు జ్యోతిర్మయి నాలుగు వాక్యాలు రాయాలి. ఆ నాలుగు వాక్యాలకి సలహా అడుగుదామని అప్పలసూరి మాస్టారి దగ్గరకి వెళ్ళింది చూశారూ, పొరపాటు అక్కడ జరిగింది.

గురుస్టార్ అని ఒక యాప్ వచ్చింది. కాలేజీ పిల్లలు తమ లెక్చరర్లకి అందులో స్టార్లు వేస్తారు, కింద ఓ మాట రాస్తారు. హోటల్లో ఇడ్లీకి వేసినట్టే, అయిదుకి ఇన్ని అని. ఇడ్లీకి పేరుంటుంది గానీ వేసినవాడికి ఉండదు. జ్యోతిర్మయికి మొన్నటిదాకా మూడున్నర ఉండేది. ఆమె వేసిన ఇంటర్నల్ మార్కులు నోటీసు బోర్డు ఎక్కిన సాయంత్రానికి అది రెండుకి దిగింది. అసలే అడ్మిషన్ల రోజులు. తల్లిదండ్రులు కాలేజీ కంటే ముందు ఆ యాప్‌నే చూసి వస్తున్నారని హెచ్వోడీ కృష్ణంరాజుగారు రూలు పెట్టేశారు. మూడుకి తగ్గినవాళ్ళంతా తమ పేజీ కింద మర్యాదగా జవాబు రాయాలి. జవాబు తేడాగా ఉంటే వచ్చే సెమిస్టరు ఆ సబ్జెక్టు ఇంకొకరికి పోతుంది.

జ్యోతిర్మయి చెప్పేది స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఏ కమ్మీ ఎంత బరువుకి వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో చెప్పడమంటే ఆమెకి ప్రాణం. ఆ సబ్జెక్టు పోతే మిగిలేది ఇంజనీరింగ్ డ్రాయింగు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెన్సిళ్ళు చెక్కించుకుంటూ తిరగడమే.

ఆమె జవాబు రాయలేదని కాదు. రాసింది. వేలు నొక్కడమే తరువాయి. "మేడమ్ బోర్డుతో మాట్లాడతారు, మాతో కాదు. వెనక బెంచీకి ఒక్క ముక్క వినబడదు" అని ఎవరో రాసినదాని కింద, "నిద్రపోయేవాళ్ళకి వినబడకపోతే అది నా గొంతు తప్పు కాదు" అని టైపు చేసింది. చదువుకున్న ప్రతిసారీ కడుపు చల్లగా ఉంది. కృష్ణంరాజుగారు చదువుతున్నట్టు ఊహించుకుంటే మాత్రం వేలు వెనక్కి వస్తోంది.

మాస్టారు దొరికేది స్టాఫ్‌రూములో కాదు, గేటుకి ఎదురుగా నారాయణమ్మ టీ కొట్టులో. మెకానికల్లో అందరికంటే సీనియరు. తగరపువలస అవతల పల్లెటూరి మనిషి. క్లాసులో తల దించుకుని డిక్టేషన్ ఇస్తారు, పిల్లలు తల దించుకుని రాసుకుంటారు, గంట కొట్టాక ఎవరి తల వాళ్ళు ఎత్తుకుంటారు. ఇంటర్నల్స్‌లో అందరికీ నిండుగా వేసేస్తారు. టీ కొట్టు బల్ల మీదకొస్తే మాత్రం ఆ తల ఇక దిగదు. పక్కన లెక్కల దేవీప్రసాద్ ఉన్నాడు. ఆయనది గోదావరి జిల్లా. మాస్టారి మాటలకి ఉప్పు అందించే పని ఆయనది.

"ఇదేటి లెక్క తల్లీ, ఇంత దానికి మొకం అలాగెట్టీసావు!" అన్నారు మాస్టారు, సంగతి వినగానే. "కూకో. నారాయణమ్మా, జ్యోతమ్మకో టీ, అల్లం దంచీసి. స్టార్లంటే నన్నడగాల. నా కత ఇనుకో, నీ కష్టం తీరిపోద్ది."

"కత వద్దు మాస్టారూ, వాక్యం చాలు. అయిదింటికి ఇవ్వాలి."

"వాక్యం కతలోనే ఉన్నాది."

"కూర్చోండి మేడమ్," అన్నాడు దేవీప్రసాద్. "ఆయన దగ్గర వాక్యాలు విడిగా ఇవ్వరండి."

జ్యోతిర్మయి కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"పోయినేడు ఒక గుంటడు నాకు ఒకే ఒక్క స్టారేసాడు. 'ఈ సారు ఫ్లైవీల్ గురించి చెప్తే తిరుగుతన్న ఫ్లైవీలు ఆగిపోద్ది' అని రాసాడు. కోపం రానేదంటే అబద్ధం. ఒళ్ళు మండిపోనాది. అప్పుడు నానేటి సేసానో తెల్సా? ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో కప్పెట్టీసాను. కోపంలో ఉన్నప్పుడు ఏలు కదపకూడదు తల్లీ. తెల్లారి తీసి, దులిపి, ఒకే ముక్క రాసాను. 'బాబూ, ఎక్కడ అర్థం కాలేదో చెప్పు, అక్కడినుంచి మళ్ళీ చెప్తాను.' అంతే, ఇంకో అక్షరం నేదు."

జ్యోతిర్మయి నిటారుగా కూర్చుంది. ఇది బాగుంది. నిజంగానే బాగుంది. ఇక్కడే ఫోను తీసుకుని లేచి వెళ్ళిపోవాల్సింది. కానీ నోరు జారి, "తర్వాత?" అంది.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా?" మాస్టారు బల్ల మీద ముందుకి జరిగారు. "ఆ గుంటడు పరిగెట్టుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ చెప్పాను. క్లాసంతా వచ్చీసింది. వరండా నిండిపోనాది. కిటికీలకి ఏలాడీవోళ్ళు కొందరు, ఫ్యానుకి ఏలాడీవోళ్ళు కొందరు."

"ఫ్యాను తిరుగుతుండగానేనా అండి?" అన్నాడు దేవీప్రసాద్.

"ఫ్లైవీల్ పాఠం కదా బావా, ఆళ్ళు తిరుగుతా ఉంటేనే బాగా అర్థమైంది. ఈలోపు రోడ్డు మీద అచ్యుతాపురం ఎల్లే కంపెనీ బస్సొకటి ఆగిపోనాది. డ్రైవరు ఇంజను ఆపీసి చెవి బయటెట్టాడు. ఎనకాల ఇంకో బస్సు, దానెనక ఇంకోటి. ఆ పూట షిఫ్టుకి ఒక్కడెల్తే ఒట్టు. సాయంత్రం మేనేజర్లు కర్రలట్టుకుని వచ్చారు. ఆళ్ళూ కూకుండిపోనారు."

"మాస్టారూ," అంది జ్యోతిర్మయి, "నా వాక్యం..."

"అక్కడికే వస్తన్నాను. కాలేజీ సరిపోనేదు కదా, క్లాసు జాలరిపేట ఒడ్డుకి మార్చీసాను. ఇసక మీద ఎంతమందైనా కూకోవచ్చు. సేపలమ్మీవోళ్ళు తట్టలు దించీసారు. ఏటకెల్తన్న పడవలు ఆగిపోనాయి, కెరటం మీద కెరటం ఎక్కకుండా సముద్రం కూడా..."

కెటిల్ పట్టుకున్న నారాయణమ్మ ఆగింది. "మా వొదిన జాలరిపేటలోనే సేపలమ్ముద్ది బాబూ. నాతో ఒక్క ముక్క అన్నేదే?"

"మీ వొదిన ముందు వరసలో కూకుంది నారాయణమ్మా. పాఠంలో పడిపోయి నీకు సెప్పడం మర్సిపోనాది. అంతెందుకు, తట్టలో సేపలు తలాడించాయి. సచ్చిపోయిన సేపలు!"

"అవును మరి," అన్నాడు దేవీప్రసాద్, "మన క్లాసులో బతికున్నవాళ్ళే తలాడించరండి."

జ్యోతిర్మయి టైము చూసుకుంది. నాలుగున్నర దాటింది. తన జవాబు తెర మీద అలాగే ఉంది, వేలికోసం చూస్తూ. పేరులేని ఎవరో తనకి రెండు స్టార్లు విదిలించడమేమిటి, దానికి తను మర్యాదగా దణ్ణం పెట్టడమేమిటి, ఆ దణ్ణం ఎలా పెట్టాలో ఈ చచ్చిన చేపల దగ్గర నేర్చుకోవడమేమిటి అని ఒళ్ళంతా చిరాకు పుట్టింది.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా?" మాస్టారు ఈసారి ప్రత్యేకంగా ఆమెవైపే తిరిగారు. "నీళ్ళల్లోంచి బుడబుడమని నేవీ వాళ్ళ సబ్‌మెరైన్ పైకి తేలింది. మూత తీసి ఒక ఆఫీసరు తల బయటెట్టి, 'సార్, వెనక బెంచీకి వినబడతల్లేదు' అన్నాడు."

ఆ మాటకి జ్యోతిర్మయి ఉలిక్కిపడింది.

"మీరేమన్నారు?"

"నానేటంటాను? 'బాబూ, నువ్వు సముద్రం అడుగునున్నావు, కుసింత ముందుకి రా' అన్నాను. గొంతు పెంచాను. పెంచేసరికి హార్బరు బయట లంగరేసిన ఓడలన్నీ ఒక్కసారి మొకం ఇటు తిప్పాయి. డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ తిరగడం మానేసి లైటు నా బోర్డు మీదకేసింది. స్టీలుప్లాంటులో కరిగిన ఇనుము పాఠం అయ్యేదాకా గడ్డకట్టనేదు. ఇంక స్టార్లు సూడు! ఓడకో స్టారు, సబ్‌మెరైనుకో స్టారు. అయిదు దాటిపోనాయి. యాప్ కంపెనీవోడు ఫోను సేసాడు. 'సార్, మా యాప్‌లో ఆరో స్టారు లేదు సార్, మీకోసం కొత్తగా కట్టిస్తన్నాం' అన్నాడు. కట్టించాడు. అదీ నిండిపోనాది. మళ్ళీ ఫోను. 'సార్, స్టాకు అయిపోనాది, ఏం సెయ్యమంటారు?' అని ఏడుపు."

"మీరేం చెయ్యమన్నారండి?" అన్నాడు దేవీప్రసాద్.

"నాకెందుకులే నాయనా, వొదిలీ అన్నాను. ఆడు ఇనడే! మిగతా లెక్చరర్ల దగ్గర కొన్ని కొన్ని తీసి నా పేజీలో సర్దీసాడు." మాస్టారు గొంతు తగ్గించి, జ్యోతిర్మయి వైపు జాలిగా చూశారు. "నీకు మొన్న తగ్గిన ఒకటిన్నర ఎటెల్లిందనుకున్నావు తల్లీ? నీ తప్పేటీ నేదు. నా దగ్గరే ఉన్నాది. ఇన్నాళ్ళూ సెప్పలేకపోనాను."

నారాయణమ్మ కెటిల్ కింద పెట్టేసింది.

జ్యోతిర్మయి ఓపికకి కూడా ఒక స్ట్రెంగ్త్ ఉంది. అది సరిగ్గా ఇక్కడ విరిగింది.

"ఇచ్చేయండి మాస్టారూ."

"ఏటి?"

"నా ఒకటిన్నర. నాది నాకు ఇచ్చేయండి. మీ పేజీలోనే ఉందన్నారుగా." అప్పటికే ఆమె తన జవాబుని పక్కకి తోసి, వెతికేచోట అప్పలసూరి అని కొడుతోంది.

"ఇప్పుడెందుకు తల్లీ, ఇక్కడ సిగ్నలుండదు..."

"నిండుగా ఉంది."

"పాత ఫోనుల్లో ఆరో స్టారు కనబడదు..."

"కనబడినవే చూద్దాం."

పేజీ తెరుచుకుంది. జ్యోతిర్మయి చూసింది. ఇంకోసారి చూసింది. ఫోను బల్ల మీద పెట్టింది. దేవీప్రసాద్ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివేశాడు.

"'ఈ అధ్యాపకుడి గురించి ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. మొదటి మాట మీదే కావచ్చు.'"

కింద అయిదు స్టార్లున్నాయి. అయిదూ ఖాళీవే, ఒక్కదానికీ రంగు లేదు. ఫ్లైవీల్ గుంటడు లేడు. వాడేసిన ఒక్క స్టారూ లేదు.

ఎదురుగా కంపెనీ బస్సొకటి ఆగకుండా వెళ్ళిపోయింది.

"పోనీలెండి," అన్నాడు దేవీప్రసాద్. ఆయన గొంతులో ఉప్పు లేదు. "ఎవరూ తిట్టలేదు కదండీ."

"తిట్టినా బాగున్ను బావా," అన్నారు మాస్టారు గ్లాసులోకి చూస్తూ. క్లాసులో దిగినట్టు తల దిగింది. కాసేపయ్యాక మళ్ళీ కొంచెం పైకొచ్చింది. "అయినా... రాద్దామనే కూకునుంటారు. మాటలు సాలక ఆగిపోయుంటారు."

జ్యోతిర్మయి నవ్వబోయి ఆగింది. ఇంతసేపూ ఈ బల్ల దగ్గర ఒక్కరి చూపూ పక్కకి పోలేదని ఆమెకి అప్పుడు తట్టింది. టీ కాచే నారాయణమ్మతో సహా. తనకి పుట్టింది చిరాకే గానీ, ఒక్క ముక్క వినబడకుండా పోలేదు. ఈయన వాక్యానికోసారి ఒక్కొక్కరివైపూ తిరిగి, తెల్సా అని కళ్ళలోకి చూసి అడిగారు. తను ఒక్క క్లాసులో ఒక్కరినైనా అలా అడిగిందా? కమ్మీ బొమ్మ ఎదురుగా ఉంటే వెనక మనుషులున్న సంగతే గుర్తుండదు.

నాలుగూ యాభై అయింది.

ఆమె తన జవాబు తెరిచి చివరి అక్షరం దాకా చెరిపేసింది. కొంచెం బాధగానే చెరిపింది. బాగా కుదిరిన వాక్యం అది. దాని చోట ఇలా రాసింది: "వెనక బెంచీకి వినబడడం లేదన్న మాట నిజం, నేను బోర్డువైపు తిరిగి చెబుతాను. రేపటినుంచి మీవైపు తిరుగుతాను, మరిచిపోతే గుర్తుచేయండి. ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి, అక్కడినుంచి మళ్ళీ చెబుతాను. మార్కులు మాత్రం పేపర్లో ఉన్నవే వేస్తాను."

నొక్కింది. చివరి వాక్యం దగ్గర కృష్ణంరాజుగారు కనుబొమలెత్తుతారు. ఎత్తనీ.

ఆ తర్వాత లేవబోయి మళ్ళీ కూర్చుంది. మాస్టారి పేజీ ఇంకా తెరిచే ఉంది.

"మాస్టారూ, మొదటి మాట నేను రాసేదా?"

అప్పలసూరి మాస్టారి తల గ్లాసు మీంచి పూర్తిగా పైకి లేచింది.

"ఏమని రాస్తావు?" అన్నారు.

"'వీరి పాఠం టీ కొట్టులో వినాలి. క్లాసులోనూ ఇలాగే తలెత్తి చెబితే బస్సులు ఆగుతాయి' అని."

మాస్టారు గ్లాసు పక్కన పెట్టారు. నారాయణమ్మ అటు తిరిగేదాకా ఆగి, ముందుకి వంగి, మెల్లగా అన్నారు.

"నాలుగే వెయ్యి తల్లీ. అయిదేసావంటే నానే ఏసుకున్నాననుకుంటారు."