మూడోసారికి వేరే రేటు

ఇంట్లోనే ప్రూఫులు దిద్దే భర్త పోయిన రోజు, బల్ల మీద పుస్తకం సగంలో ఉంది. నెల తిరక్కుండానే ప్రచురణకర్త ఫోన్ చేశాడు. కూతురే మాట్లాడి పెట్టేసింది.

“మిగతాది నువ్వు దిద్దుతానన్నావా? ఎంతకే?”

“నాన్న తీసుకునేదానికి రెట్టింపు. సగం ముందే ఇవ్వాలన్నాను. రెండుసార్లు దిద్దుతాను, మూడోసారికి వేరే రేటు.”

“అమ్మో! ఏమన్నాడు?”

“మీ నాన్నగారు ఇలా అడిగేవారు కాదమ్మా, అన్నాడు. అందుకే నేను అడుగుతున్నానండీ, అన్నాను. ఒప్పుకున్నాడు.”

“ఇరవై ఏళ్లు పోరినా ఆయన నోట రాని మాట! నీకెవరు నేర్పారే?”

“నాన్నే. సొరుగులో కాగితం దొరికింది. రేటు, షరతులు అన్నీ తనే రాసిపెట్టుకున్నాడు. నేను చూసి చదివానంతే.”

తల్లి కాగితం అందుకుంది. ఒక్క కొట్టివేత లేదు.

“చూశావా, ఎంత ధీమాగా రాశారో మీ నాన్న!”

బల్ల మీది పుస్తకం నూట పన్నెండో పేజీ నుంచి ఇంకా దిద్దాలి.