లంగరుకు చిక్కిన ఒడ్డు

"కొట్టు మెట్లు నాలుగే మిగిలాయా? నిన్న అయిదున్నాయిగా! బెంగపడకమ్మాయ్, ఈ సముద్రం నా చేతుల్లో పెరిగిందే. ముందు ఓ టీ ఇయ్యి, చెప్తాను."

ముసలి పడవవాడు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడంటే కథ మొదలైనట్టే. టీ కొట్టావిడ పొయ్యి రాజేసింది. మంగలి బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"అప్పట్లో ఇక్కడ ఈ వంపు లేదు. ఒడ్డు గీత గీసినట్టు ఉండేది. ఓ మధ్యాహ్నం లంగరు వేసి పడవలో చిన్న కునుకు తీశాను. లేచి లాగితే లంగరు రాదే! సరేనని తెడ్డు అందుకుని పది బారలు లోపలికి పోనిచ్చాను, అంతే."

"పది బారలేనా?" అన్నాడు మంగలి.

"విను మరి! తిరిగి చూస్తే ఒడ్డు నా వెంటే వస్తోంది. చెట్లూ పుట్టలూ, తీగ మీద ఆరేసిన బట్టలతో సహా! మెత్తమట్టి కదా, ఊడొచ్చింది. అటూ ఇటూ ఉన్న నల్లరాతి కొండలు మాత్రం మొండివి, అచ్చం మా ఆవిడలాగ, కదల్లేదు. మధ్యలో ఇంత గుంట పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ వెనకాల పోయే నది ఆ గుంటని చూసి, 'అన్నా, రానా?' అంది. రా చెల్లీ అన్నాను. వట్టి చేతులతో వచ్చిందా? దారిలో కొండలన్నీ నూరి ఇసక తెచ్చింది. ఆ నాలుగు మైళ్ల ఇసక దిబ్బ నేను ఒక్క తెడ్డుతో సర్దిందే!"

"మరి ఊడొచ్చిన మట్టి?"

"లంగరు దులిపాను. ఆ కనబడే దీవి అదే. ఇప్పటికీ పడవలో పడుకుంటే కింద నేల కదలడం వినిపిస్తుంది, పసిపిల్ల నిద్రలో ఒత్తిగిల్లినట్టు. ఎందుకో ఏడుపొస్తుంది నాకు."

అల వచ్చి కింది మెట్టుని తాకింది. కొట్టావిడ గ్లాసు అందించింది.

"మావయ్యా, ఒడ్డునే లాక్కెళ్లినవాడివి, ఈ సముద్రాన్ని మూడడుగులు వెనక్కి తోసెయ్యి. సాయంత్రం పోటుకి ఈ మెట్లూ పోతాయి. కొట్టు పోతే నాకింకేం లేదు."

ముసలాయన నీళ్లవైపు చూశాడు. టీ తాగలేకపోయాడు.

"నా మాట వినదమ్మా," అన్నాడు మెల్లగా. గ్లాసు పక్కన పెట్టి, పోటు అందకుండా పైకి చేర్చడానికి బెంచీ కొస పట్టుకుని లాగాడు. అంగుళం కదల్లేదు.

"ఏం తాతా, ఇదీ మీ ఆవిడలాగేనా?" నవ్వాడు మంగలి.

"కాదురా, నువ్వింకా దీనిమీదే కూర్చున్నావు. లే, ఆ కొస పట్టుకో."