మాణిక్యాంబగారు ఊడవనివ్వని గది

2020 అక్టోబరు పదకొండో తేదీన, లోకమంతా మాస్కు చాటు నుంచి ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో, ఖోర్ ఫక్కాన్ రేవు పక్కనున్న మన ఓడల మరమ్మతు యార్డులో శ్రీమతి సంగాడి మాణిక్యాంబగారు పారిశుద్ధ్య విభాగ సహాయకురాలిగా చేరారు. అంతకు మునుపు పద్దెనిమిదేళ్ళపాటు షార్జా అల్ నహ్దాలో ఒకే కుటుంబానికి వండిపెట్టి, వారి పిల్లలిద్దరినీ పెంచి పెద్దచేసిన ఆ తల్లి, ఆ కుటుంబం మహమ్మారికి బెదిరి స్వదేశానికి తరలిపోగా, యాభై అయిదేళ్ళ వయసులో చీర విడిచి నీలిరంగు కవరాల్ తొడిగి, ఇనుప నిచ్చెనలు ఎక్కడం నేర్చుకున్నారు. మొదటి నెలలో వారు నిచ్చెన దిగే తీరు చూసి నవ్వినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. రెండో నెలకి ఆ నవ్వినవాళ్ళే వారి డబ్బాలోని చింతకాయ పచ్చడి కోసం వరుసలో నిలబడ్డారు.

మరమ్మతుకు వచ్చిన ఓడలో వెల్డరు కన్నా ముందు, పెయింటరు కన్నా ముందు అడుగుపెట్టేది మన మహిళా బృందమే. నావికులు నివసించిన గదులు, భోజనశాల, వంటిల్లు శుభ్రపరచి, పనివారు మసలడానికి అనువుగా తీర్చిదిద్దడం వారి విధి. 2022లో మాణిక్యాంబగారు ఆ బృందానికి పెద్ద అయ్యారు. పదవి పెరిగినా చీపురు వదలలేదు. "పెత్తనం నోటికే గానీ చేతికి కాదు" అని ఊరకే కూర్చున్న ఆడపిల్లల్ని దెప్పేవారు.

ఎర్రసముద్రంలో క్షిపణులు ఎగరడం మొదలైన తరువాత మన యార్డు ముఖమే మారిపోయింది. కాలిన ఓడలు, చిల్లులు పడిన ఓడలు, కిటికీ అద్దాలన్నీ రాలిపోయిన ఓడలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. యుద్ధమనగానే తుపాకి పట్టినవారినే తలుచుకోవడం లోకరీతి. ఆ యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఓడల్లో నెత్తుటి మరకలను కడిగినవారిని, సగం తిన్న కంచాలను తీసినవారిని, దిండు కింది ఫొటోలను తుడిచి భద్రపరచినవారిని ఏ సభలోనూ ఎవరూ తలవరు. కనుక ఈ సంచికలో తలుచుకోవడం మన కనీస ధర్మం. వారందరి తరఫునా ఈ సన్మానం మాణిక్యాంబగారిది.

ఇక్కడ ఒక్క సంఘటన చెప్పకపోతే ఈ వ్యాసం ఉప్పులేని పప్పే అవుతుంది.

2024 ఏప్రిల్‌లో ఒక సరుకు ఓడను రెండు టగ్గులు లాక్కొచ్చి మన రేవులో కట్టాయి. ఇంజను గది కాలిపోయింది. నావికులందరినీ సముద్రం మీదే రక్షించారు గానీ, ఇంజను గదిలో పనిచేసే రోలాండో అనే ఫిలిప్పీన్స్ వ్యక్తి మాత్రం దొరకలేదు. కాలిన గదిలో ఎముక కనిపించలేదు, సముద్రంలో దేహం కనిపించలేదు. తనిఖీకి వచ్చిన కంపెనీవాళ్ళు అతని గది తలుపు తీసి, టార్చి వేసి చూసి, ఎవరూ లేరనుకొని మూసి వెళ్ళారు. ఆ మంటల పొగ గొట్టాల గుండా గదులన్నింటిలోకీ పాకి, జల్లించిన పిండిలా నేలంతా మెత్తటి మసి పరచుకొంది.

పట్టపగలు కూడా టార్చి లేనిదే అడుగు పడని ఆ నడవాలో మాణిక్యాంబగారు ముందు నడిచారు. బృందంలోని పాలకొల్లు దౌలత్‌బీ వెనుక నడిచింది. రోలాండో గది ముందు ఒక జత రబ్బరు చెప్పులు, ఇంటి గుమ్మం దగ్గర విడిచినట్టు, పొందికగా ఉన్నాయి. మాణిక్యాంబగారు ఒక చెప్పు ఎత్తి చూశారు. దాని కింద కూడా మసి ఉంది. అంటే ఆ చెప్పుల్ని అక్కడ విడిచింది మంటలు చల్లారిన తరువాతే. వారు తలుపు తీసి, గడప బయటే నిలబడి, నేలమీదికి టార్చి వేశారు. మసిలో ఉత్తి పాదాల గుర్తులు. గడప నుంచి మంచం దాకా వెళ్ళాయి. మంచం నుంచి తిరిగి రాలేదు.

వారు చెప్పును ఎక్కడిదక్కడ పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆ సంగతి ఎవరితోనూ అనకుండా పక్క గదిలో పని మొదలుపెట్టారు.

రెండు రోజులకి దౌలత్‌బీ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. ఓడలో నీటి పంపు ఆగి నెల దాటింది. ఒక్క కుళాయిలోనూ చుక్క రాదు. అయినా ఆ మూసిన తలుపు వెనుక ఎవరో నీళ్ళు చిమ్ముకుంటున్న చప్పుడు.

"అక్కా, కడిగేద్దామే ఆ గది! కడిగేసి సాంబ్రాణి ఏసేత్తే పోద్ది. లోపల ఆడు మొగం కడుక్కుంటన్నాడే, నా సెవులతో ఇన్నాను!"

"కడుక్కోనీయే. పన్లోంచొచ్చినోడు మొగం కడుక్కోడా?" అన్నారు మాణిక్యాంబగారు. ఆ మాట అన్న తీరుకి దౌలత్‌బీకి చప్పుడు విన్నప్పటికన్నా ఎక్కువ ఒళ్ళు జలదరించింది.

మన సూపర్‌వైజరు నాగేంద్రబాబుగారికి ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా గురువారానికి గదులన్నీ వెల్డర్లకు అప్పగించాలన్న ముదీర్ (మేనేజరు) గారి ఆజ్ఞే.

"పిన్నిగారూ, గదులన్నీ ఖలాస్ అన్నారు. ఆ ఒక్కటీ ఎందుకొదిలేశారండీ? ముదీర్ నన్ను నమిలేత్తాడు."

"ఊరెళ్ళినోడి గది ఎనకాలే ఊడిసేత్తారా బాబూ? మిమ్మల్ని ఇమానం ఎక్కించి మీ అమ్మగారు ఇంటికెళ్ళి చీపురు పట్టారేంటి?"

నాగేంద్రబాబుగారు అమలాపురం మనిషి. ఇంట్లోంచి మనిషి ప్రయాణమై వెళ్ళిన వెంటనే ఇల్లు ఊడవకూడదనీ, వెంటనే ఊడ్చి కడిగేది శవం లేచిన ఇంటినేననీ ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా మెత్తబడకుండా, "ఆడు ఊరెళ్ళలేదండీ, పోయాడు," అన్నారు.

"ఎవరు సూశారు?"

మాణిక్యాంబగారు మెడలోని గేటు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టారు. "పొమ్మంటే పోతాను. ఆ గది మట్టుకు నేను ఊడవను, ఎవర్నీ ఊడవనివ్వను. ఆడికి మనుషులున్నారు. ఆళ్ళొచ్చి సెప్పాలి."

ఆ పట్టుదల వెనుక ఒక కథ ఉంది. తొంభై ఆరు తుఫానులో మాణిక్యాంబగారి భర్త మంగరాజుగారు వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. వారు రోజూ తెల్లారకముందే ఒడ్డుకు పోయి, పొద్దుగూకేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చొనేవారు. ఒకనాడు ఇంటికి వచ్చేసరికి గడప తడిగా ఉంది. అత్తవారు, పెద్దలు కూడబలుక్కొని, వారిని ఒక్క మాట అడగకుండా, ఇల్లంతా ఊడ్చి కడిగేశారు. తాను విధవనైన సంగతి మాణిక్యాంబగారికి చెప్పింది మనిషి కాదు, ఆ తడి నేల. ఆ పెద్దలు చెడ్డవారు కారు. ఎన్నాళ్ళని ఎదురుచూస్తుంది, దీని బతుకు ఇది చూసుకోవాలి కదా అనుకున్నారు. కానీ అడగాలి కదా! ఆ కోపమే వారిని గోదావరి దాటించింది, సముద్రమూ దాటించింది.

నాగేంద్రబాబుగారు కార్డు తిరిగి ఇచ్చేసి, ముదీర్ దగ్గరికి పోయి, మంట వేడికి ఆ గది తలుపు బిగుసుకుపోయిందనీ, ఎంత లాగినా రావడం లేదనీ విన్నవించారు. అంగుళాల మందం ఇనుమును వెన్నలా కోసే యార్డులో ఒక గది తలుపు తెరుచుకోకపోవడమేమిటని ముదీర్ ఆయన ముఖంలోకి కాసేపు చూశారు. తరువాత "తయ్యిబ్", అంటే సరే, అని కాగితాల మీదికి తల వంచుకున్నారు. అప్పటికే యార్డులో సగం మంది ఆ నడవా వైపు పోవడం మానేశారన్న కబురు ఆయనకూ చేరి ఉంటుంది. ఆ ఒక్క గదీ మినహాయించి ఓడ పనులు సాగాయి.

ఆ వారాలన్నీ మాణిక్యాంబగారు పనిలోకి దిగేముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆ తలుపు దగ్గర ఆగేవారు. లోపలి చప్పుడు వినబడిన రోజున తలుపుకు నోరు దగ్గరగా పెట్టి, కసురుకున్నట్టే, "వత్తన్నారు బాబూ, మీ వాళ్ళు వత్తన్నారు. అందాకా ఓపిక పట్టు," అనేవారు. చప్పుడు ఆగేది. వారికి భయం లేదని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. ప్రతిసారీ వారి అరచేతులు చెమటతో తడిసిపోయేవని దౌలత్‌బీ సాక్ష్యం.

జూన్ నెలలో రోలాండో భార్య మారిసెల్ మనీలా నుంచి వచ్చింది. భర్త సామాను తీసుకుపోవడానికి కంపెనీ ఆమెను రప్పించింది. ఆమె చేతిలో ఒక ఖాళీ సంచి ఉంది. మాణిక్యాంబగారే ఆమెను నడవాలోకి తీసుకెళ్ళారు. చెప్పుల్ని చూడగానే మారిసెల్ ఆగి, తన చెప్పులు కూడా విడిచి వాటి పక్కన పెట్టింది. తలుపు తీసి, టార్చి వెలుగులో నేల చూసింది. చాలాసేపు చూసింది. తరువాత మోకాళ్ళ మీద కూర్చొని, ఎడమ పాదం గుర్తు మీద వేలు ఆనించింది. ఆ గుర్తుకు చిటికెన వేలు లేదు.

"చిన్నప్పుడు పడవ తాడు తెంపేసింది," అంది విడివిడి ఇంగ్లీషు మాటల్లో. "ఇది మా ఆయనే."

మాణిక్యాంబగారు తల ఊపారు.

"లోపలికి వచ్చాడు. బయటికి వెళ్ళలేదు."

"లేదమ్మా."

"ఇంక నన్నేం చేయమంటావు?"

అల్ నహ్దా ఇంట్లో నేర్చిన ఇంగ్లీషులో మాణిక్యాంబగారు చెప్పింది ఇంతే: "అది నేను చెప్పకూడదు తల్లీ. ఎవరూ చెప్పకూడదు. నువ్వు ఎదురుచూస్తానంటే ఈ తలుపు మూసేస్తాను. నేనున్నన్నాళ్ళూ దీన్నెవరూ ముట్టుకోరు."

మారిసెల్ భర్త మంచం అంచున కూర్చుంది. ఏడవలేదు. తమ భాషలో ఏదో మెల్లగా మాట్లాడింది, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే, మధ్యలో జవాబు కోసం ఆగుతూ. నడవాలో నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళకూ ఆ ఆగిన చోట్లు భయంకరంగా తోచాయి. చివరికి ఆమె లేచి బయటికి చెయ్యి చాపి, చీపురు అడిగింది. మాణిక్యాంబగారు రెండు చేతులతో అందించారు.

లోపలి గోడ నుంచి గడప దాకా మారిసెల్ ఒక్కతే ఊడ్చింది. మంచం పక్కనున్న ఆఖరి గుర్తు మీద మాత్రం చీపురు వేయకుండా, అరచేతితో తుడిచి, ఆ నల్లటి చేతిని కడుక్కోకుండానే సంచి పట్టుకొని, రెండు జతల చెప్పులూ తీసుకొని ఓడ దిగిపోయింది. ఆ తరువాత ఆ గదిలో ఎవరికీ ఏ చప్పుడూ వినబడలేదు.

ఆమె కారు గేటు దాటిన తరువాత మాణిక్యాంబగారు బోర్లించిన బకెట్టు మీద కూలబడిపోయారు. తుఫానులో, ఎడారిలో, మహమ్మారిలో చలించని ఆ మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే దౌలత్‌బీ వచ్చి భుజం పట్టుకుంది.

"ఏటక్కా, ఏటైంది?"

"మా ఇంట్లో కూడా అడుగులు పడుంటాయే దౌలత్," అన్నారు మాణిక్యాంబగారు. "మా ఆయనా వచ్చే ఉంటాడు. నేను ఒడ్డున కూకున్నాను. ఆళ్ళు కడిగేశారు."

అప్పటి నుంచి మన యార్డులో ఒక నియమం ఏర్పడింది. జాడ తెలియని నావికుని గదిని, అతని ఇంటివారు వచ్చి చెప్పేదాకా ఎవరూ ఊడవరు. ఈ నియమం ఏ ఉత్తర్వులోనూ లేదు. మాణిక్యాంబగారి మాటే ఉత్తర్వు. ఇంకా కొన్ని ఓడలు వచ్చాయి, ఇంకా కొందరు భార్యలు, తల్లులు వచ్చారు. కొందరు ఊడ్చారు, కొందరు తలుపు మూయించి వెళ్ళారు. ఎవరినీ ఎవరూ తొందరపెట్టలేదు.

ఈ నవంబరు నెలాఖరున, అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా, మాణిక్యాంబగారు ఉద్యోగ బాధ్యతల నుంచి విశ్రాంతి పొంది స్వస్థలానికి పయనమవుతున్నారు. యుద్ధపు మసిలో మానవత్వపు అడుగుజాడ చెరిగిపోకుండా కాపాడిన ఆ మాతృమూర్తికి మన యార్డు యావత్తూ శిరసు వంచి నమస్కరిస్తోంది. భగవంతుడు వారికి మోకాళ్ళలో సత్తువనూ, కంటికి చూపునూ, నోటికి ఆ పదునునూ నిండు నూరేళ్ళూ నిలుపుగాక. వారు చల్లగా, ఆరోగ్యంగా, పదిమంది మధ్య బతుకుదురుగాక. ఇకమీదట వారి బతుకుకు సంబంధించిన ఏ చిన్న పనినైనా, వారిని అడగకుండా ఎవ్వరూ చేయకుందురుగాక.