కుర్చీకి తగ్గ యుద్ధం

కోకాపేటలో ఒక ఆఫీసు టవరు గేటు. ఆగస్టు పదమూడు పొద్దున, సెక్యూరిటీ ఆయన దగ్గరికి హెచ్.ఆర్. కుర్రాడు నవ్వుకుంటూ వచ్చాడు.

"బాబాయ్, మీరు కార్గిల్ యుద్ధంలో ఉన్నారటగా! ఎల్లుండి జెండా పండక్కి స్టేజీ మీద మాట్లాడాలండి."

"ఉన్న సార్. వంటోన్ని."

"వంటా?"

"రొట్టెలు చేసిన. ఆ చలికి పిండి గడ్డకట్టేది. చంకల పెట్టుకొని మెత్తగ చేసేటోన్ని."

"ఛీ! అది చెప్పకండి."

"తిన్నోళ్లెవ్వలు ఛీ అనలే సార్."

"తుపాకీ పేల్చలేదా?"

"ఒక్కసారి పేల్చిన. పిండి బస్తా తింటున్న కంచరగాడిద మీద. తగల్లే."

"గాడిద బదులు శత్రువు అందాం. తగిలిందందాం. మా ఎండీ గారికి అదే కావాలి."

"అంటగని, నాకో కుర్చీ కావాలె."

"స్టేజీ మీద సోఫా వేయిస్తానండి."

"స్టేజీ మీద గాదు, గీ గేటు కాడ. పన్నెండు గంటలు నిలబడుడే. మోకాళ్లు పోయినయ్."

"గేటు దగ్గర కూర్చోకూడదని రూలుంది బాబాయ్."

"యుద్ధంల సుత కూసునే రొట్టెలు చేసిన సార్. మంచిది, ఉన్నదున్నట్టే చెప్త. గాడిద, చంక, అన్నీ."

"అయ్యో, వద్దండి! రూలు సంగతి నేను చూసుకుంటా. ప్లాస్టిక్ కుర్చీ చాలా?"

"ప్లాస్టిక్‌దైతే ఒక్కణ్ణి చంపుత సార్. చేతులున్నదైతే నలుగుర్ని. మెత్తటి సీటుదైతే, కొండ మొత్తం నేనొక్కణ్ణే గెల్సిన."